ఎర్రమందు గింజలు

పెనుకొండ,
9 జూలై 2024, మంగళవారం

యమునా,

నీ నంబరుకు చేస్తే పలకడం లేదు. అల్లుడు ధనుంజయది కూడా అంతే. మొదట సిగ్నల్ లేదనుకున్నాను. మీ పెద్దనాయన తన ఫోను నుంచి చేస్తే ఒక్కసారి మోగి ఆగిపోయింది. మీరు కావాలనే ఎత్తడం లేదని అప్పుడు అర్థమైంది. పోస్టాఫీసుకు పోయి పది కవర్లు తెచ్చుకున్నాను. కౌంటరులో ఉన్న అమ్మాయి ఎవరికమ్మా ఇన్ని అని అడిగింది. నా బిడ్డకు అన్నాను.

పాప ప్రమోద ఎట్లా ఉంది? అన్నం తింటోందా? ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు చేతులు వణుకుతున్నాయని విన్నాను. తగ్గిందా లేదా, ఆ ఒక్క మాటైనా రాయి.

పిల్ల మా ఇంట్లో ఉండగా ఆ శుక్రవారం ఏం జరిగిందో ఆసుపత్రిలో నన్ను ఎవరూ చెప్పనివ్వలేదు. అందుకని రాస్తున్నాను. పొద్దున రాగిసంగటి, పెరుగు తింది. పదకొండు గంటలకు నేను చేసిన చెనక్కాయ ఉండ ఒకటి తింది. తర్వాత పెరట్లో ఆడుకుంది. రోజూ ఆడేదే. ఒకటిన్నరకు వచ్చి కడుపు నొప్పి అంది. రెండున్నరకు మొదటి వాంతి. అయిదు దాటాక నోట్లోంచి చొంగ కారడం మొదలైంది, పిలిస్తే కళ్లు తెరవలేదు. మీ పెద్దనాయన వ్యానులో హిందూపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయాము. డాక్టరు వాంతిలో ఎర్రగా ఉన్న చెనక్కాయ ముక్కలు చూపించి, ఇది వేరుశనగ విత్తనాలకు పట్టించే మందు, ఇంట్లో ఎక్కడుంది అని అడిగాడు. నా నోట మాట రాలేదు. అదే మీ అందరికీ దొంగతనం పట్టుబడినట్టు కనిపించింది.

ఇంటికొచ్చి చెనక్కాయల డబ్బాలన్నీ గచ్చు మీద కుమ్మరించి ఒక్కొక్క గింజ చూశాను. ఒక్క ఎర్రగింజ లేదు. మన ఇంట్లోకి విత్తనాల సంచి రాలేదు యమునా. మాకు సేద్యం ఎక్కడిది?

మీ అత్త చౌడక్క ఆసుపత్రి వరండాలో అందరి ముందర ఒక మాట అంది. "కడుపున బిడ్డను మోసింటే కదా తెలిసేది" అని. నేను బదులు చెప్పలేదు. ఇరవై ఎనిమిదేళ్లు అంగన్‌వాడీలో పిల్లలకు తిండి పెట్టాను. నేను పెట్టింది తిని ఒక్క బిడ్డకు విరేచనం కూడా కాలేదు. నీ తల్లి పోయిన నాటినుంచి నువ్వు నా చేతి అన్నమే తిన్నావు. ఇవన్నీ ఆమెకు చెప్పి ఏం లాభం?

ఇంకొకటి. ఆ మధ్యాహ్నం ఎన్ని గంటలకు ఏం జరిగిందో నాకు తెలుసు, నీకు తెలుసు. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పను కూడా.

పిల్ల సంగతి రాయి. రెండు ముక్కలు చాలు.

నీ పెద్దమ్మ,
సుబ్బలక్ష్మమ్మ


ధర్మవరం,
14 జూలై, ఆదివారం

పెద్దమ్మా,

నీ ఉత్తరం పోస్టుమ్యాన్ నేరుగా మగ్గం దగ్గరికే తెచ్చి ఇచ్చాడు కాబట్టి సరిపోయింది. అత్త చేతిలో పడివుంటే నా గతి ఏమయ్యేదో నీకు తెలియదు. ఇకమీదట రాయాలంటే పక్కవీధిలో సుధారాణి అని బట్టలు కుడుతుంది, ఆమె అంగడికి రాయి. ఆమె నా స్నేహితురాలు. ఫోను మాత్రం చేయొద్దు.

ప్రమోద చేతులు వణకడం తగ్గింది. రాత్రిపూట ఉలిక్కిపడుతుంది. చెనక్కాయ పచ్చడి చూస్తే ఏడుస్తుంది. చాలా?

ఎవరికీ చెప్పలేదు, చెప్పను అని రాశావే, అది ఎందుకు రాశావు? చెప్పకుండా ఉండేవాళ్లు ఊరికే ఉంటారు. చెప్పను అని కాగితం మీద పెట్టినవాళ్లు చెప్పగలమని గుర్తుచేస్తున్నట్టు. ఆ ఫోను సంగతి పట్టుకుని నన్ను బెదిరిస్తున్నావా? నువ్వలా చేస్తావని కలలో కూడా అనుకోలేదు.

ఇంకో సంగతి. ఇంట్లోకి విత్తనాల సంచి రాలేదు అని రాశావు. ధనుంజయ మొన్న పట్టుచీరలు ఇవ్వడానికి హిందూపురం పోయినప్పుడు మీ వీధి అతను ఒకడు కలిశాడట. మీ వెనక చేను మారప్పది కదా, ఆ మారప్ప మందు పట్టించిన విత్తనం గోరంట్ల నుంచి పెద్దనాయన వ్యానులోనే తెచ్చాడని చెప్పాడు. జూన్ ఇరవై రెండో తేదీన. ప్రమోద మీ ఇంట్లో ఉండగానే. ఆరు రోజులకు ఇది జరిగింది.

ధనుంజయ ఆ మాట చెప్పినప్పుడు ఏమీ అరవలేదు. మగ్గం దిగి, "మీ పెద్దమ్మ అబద్ధం చెప్పిందా, ల్యాకపోతే ఆమెకు తెలీదా? తేల్చి చెప్పు" అన్నాడు. నేను ఏం చెప్పాలి? అత్త పోలీసు కంప్లైంటు ఇవ్వాలంటోంది. మీ ఇద్దరి మీదా. ధనుంజయ ఇంకా ఊ అనలేదు. పెద్దనాయన మీద కేసంటే ఎర్రమంచి ఫ్యాక్టరీకి మనుషులను తోలే ఆ వ్యాను పని కూడా పోతుందని నాకు తెలుసు. తెలిసి కూడా వద్దని గట్టిగా చెప్పలేకపోతున్నాను. ఎందుకు చెప్పలేకపోతున్నానో నీకు తెలుసు.

నిజం రాయి. నాకు నిజం కావాలి.

యమున


పెనుకొండ,
18 జూలై, గురువారం

నా తల్లీ,

నీ ఉత్తరం నిన్న చేరింది. మూడుసార్లు చదివి పొయ్యి దగ్గర కూర్చున్నాను. మీ పెద్దనాయన రెండో షిఫ్టు మనుషులను దించి వచ్చాడు. అన్నం పెట్టి అడిగాను.

"మారప్ప విత్తనాలు మన బండిలో వేసుకొచ్చినావా?"

కలుపుతున్న చెయ్యి ఆగింది. "వేసుకొచ్చినా. నాలుగు మూటలు. ఏమిప్పుడు?"

"నాకెందుకు చెప్పలేదు?"

"దాంట్లో చెప్పేదేముండాది? ఊరికే వస్తాంటి, వేసుకోమన్నాడు, వేసుకొంటి."

"మూటలు బాగుండాయా?"

కంచంలో అన్నం ఒక పక్కకు తోశాడు. "ఒకటి చినిగింది. కొన్ని గింజలు రాలినాయి. ఊడ్చి పారబోసినా."

"యాడ?"

"రోడ్డు పక్కన. మన గేటు దాటినాక. గేటు లోపల ఒక్కటి పడలేదు సుబ్బలక్ష్మీ, నేను చూసుకున్నా."

పిల్ల ఆసుపత్రిలో నాలుగు రోజులు పడుంటే ఈ మాట ఎందుకు చెప్పలేదంటే, భయమేసింది అన్నాడు. నువ్వు నన్ను నిజం అడిగావు కాబట్టి నేనన్న మాట కూడా రాస్తున్నాను. "బిడ్డలు లేని కొంపకు ఒక బిడ్డ వస్తే, దాన్నీ మిగలకుండా చేస్తివి" అన్నాను. మీ అత్త నన్నన్న మాటను నేనే తిప్పి ఆయనకు తగిలించాను. ఆయన చెయ్యి కడుక్కున్నాడు. వ్యాను తాళం మేకుకు తగిలించాడు. హిందూపురంలో చెల్లెలింటికి బస్సెక్కి పోయాడు. ఆ వ్యాను గేటు ముందర అట్లే ఉంది. ఇవాళ ఫ్యాక్టరీ వాళ్లు రెండుసార్లు ఫోను చేశారు.

కాబట్టి నేను అబద్ధం చెప్పలేదు, నాకు తెలియలేదు. కానీ తెలియకపోవడం కూడా తప్పే. పిల్ల గేటు దగ్గరికి పోయి ఏరుకుందేమో. నేను వంటింట్లో ఉన్న పది నిమిషాల్లో ఎక్కడికి పోయిందో నేను ఏమని ప్రమాణం చేసేది? కంప్లైంటు ఇవ్వాలంటే ఇవ్వండి. పేరు మాత్రం నాది రాయండి. పిల్లను నాకు అప్పజెప్పారు, ఆయనకు కాదు.

చెప్పను అని రాసింది బెదిరించడానికి కాదే. రెండున్నరకు నేను ఫోను చేసినప్పుడు నువ్వు "ఎండదెబ్బేలే పెద్దమ్మా, మజ్జిగ పట్టు, సాయంత్రానికి చూద్దాం" అన్నావు. పట్టాను. ఆ మాట బయటికొస్తే మీ ఇంట్లో నీకు నిలువనీడ ఉండదని నాకు తెలుసు. నువ్వు దాన్ని తలచుకుని లోపల కుమిలిపోతుంటావని, నా వైపు నుంచి భయం పెట్టుకోవద్దని చెప్పబోయాను. చేతకాని మాట రాశాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక పెరట్లోకి పోలేదు. మల్లెకుండీలకు నీళ్లు కూడా పోయలేదు. ప్రమోద రోజంతా అక్కడే కదా ఉండేది, ఒక పిట్ట వెనకాల పడి. పొడుగు తోక, ఇటుక రంగు ఒళ్లు, నల్ల తల. తోకక్క అని పేరు పెట్టుకుంది. తోకక్క అన్నం తినిందా అవ్వా, తోకక్క స్నానం చేసిందా అవ్వా. పెరట్లో తొమ్మిది చెట్లుంటే నేను నాటినవి రెండే, మిగతావి ఆ పిట్టలూ కాకులూ ఎక్కడెక్కడినుంచో తెచ్చి పడేసిన గింజలే అని చెబితే, ఆ పిల్ల వేపచెట్టును చూపించి "ఇది తోకక్కదా?" అని అడిగింది. తలుపు తీస్తే ఆ గొంతు వినిపిస్తుందేమోనని తీయలేదు.

పిల్లకు రాత్రి పడుకునే ముందు అరికాళ్లు తుడువు. ఉలికిపాటు తగ్గుతుంది.

పెద్దమ్మ


ధర్మవరం,
22 జూలై, సోమవారం

పెద్దమ్మా,

ఇది సుధారాణి అంగట్లో కూర్చుని రాస్తున్నాను. కాలు మిషను చప్పుడులో ఏడ్చినా ఎవరికీ వినపడదు.

పెద్దనాయన హిందూపురం పోయిన సంగతి ఇక్కడ నీ ఉత్తరం కంటే ముందే తెలిసిపోయింది. తప్పు లేనివాడు ఇల్లు వదిలి పోతాడా అని అత్త. ఆ మాటతో ధనుంజయ కూడా మనసు గట్టి చేసుకున్నాడు. గురువారం పొద్దున రైలుకు పెనుకొండ వస్తాడు. పోలీసు స్టేషన్లో కంప్లైంటు ఇస్తాడు. కాగితం రాసి పెట్టుకున్నాడు. నాకు చదివి వినిపించాడు. అందులో "మధ్యాహ్నం నుంచి పాప వాంతులు చేసుకుంటున్నా తల్లిదండ్రులకు తెలియజేయక, సాయంత్రం వరకు ఇంట్లోనే ఉంచి" అని ఉంది. అది విన్నప్పుడు నా చేతిలో చెంబు ఉంది. పోయి తులసికోటలో నీళ్లు పోశాను. నేను ఏమీ అనలేదు పెద్దమ్మా. కాదని అనలేదు.

నిన్న ఇంకొకటి జరిగింది. ప్రమోద మగ్గం కింద పడిన పట్టుదారం కండెలు రెండు నోట కరుచుకుని పోయి తులసికోట మట్టిలో గుచ్చుతోంది. పైన ఒక ఆకు కప్పింది. పట్టు పాడు చేస్తోందని నేను చెయ్యెత్తాను. "నేను తోకక్క. దాపెట్టుకుంటాండా" అంది. అత్త నవ్వి, ఎందుకు దాపెట్టడం అని అడిగితే, "ఎర్రవి తోకక్క పెట్టింది. నేను తింటి" అంది.

ధనుంజయ పిల్లను ఎత్తుకుని, "ఎవరు చెప్పమన్నారు నాయనా నీకు ఈ మాట?" అన్నాడు. అది "అవ్వ" అంది. దాన్ని ఏమడిగినా అవ్వ అనే అంటుంది, ఈ మధ్య. కానీ అత్తకు అది చాలిపోయింది. "చూసినావా, పిట్ట మీదకు తోసేదానికి పసిబిడ్డకు నేర్పించి పంపినారు" అంది.

నన్ను కోప్పడకు. నాకూ అనుమానం వచ్చింది. ఆసుపత్రిలో రెండో రోజు నువ్వు పిల్ల చెవి దగ్గర ఏదో చెబుతూ కూర్చున్నావు, నేను రాగానే లేచావు. ఏం చెప్పావు? నిజంగా నేర్పించావా? పెద్దనాయనను కాపాడుకోవడానికా?

గురువారం లోపల నాకు తెలియాలి. ఈ ఉత్తరం నీకు ఎప్పుడు అందుతుందో.

య.


పెనుకొండ,
23 జూలై, మంగళవారం, మధ్యాహ్నం

యమునా,

నీ జవాబు ఇంకా రాలేదు. నేను ఆగలేను. దీన్ని స్పీడు పోస్టులో వేస్తున్నాను.

పది రోజులుగా ఇక్కడ జల్లులు, శనివారం రాత్రి నుంచి ఆదివారం సాయంత్రం దాకా మంచి వాన. నిన్న పొద్దున పెరటి తలుపు తీశాను. గోడ నాని పడిపోతుందేమోనని చూడటానికే తీశాను. మల్లెకుండీలో మల్లెతో పాటు చెనక్కాయ మొలకలు ఉన్నాయి. ఒకటి కాదు, అయిదు. పక్క కుండీలో రెండు. నేను కుండీలో చెనక్కాయ ఎందుకు పెడతాను? పాత రోలులో మట్టి చేరి ఉంటుంది చూడు, అందులో ఒకటి. రాతిగోడ సందులో మట్టి కూడా లేని చోట ఒకటి తల బయటపెట్టి ఉంది.

వేలితో తవ్వాను. మొలవనిది ఒకటి దొరికింది. నీళ్లకు నాని రంగు చాలావరకు పోయింది, అయినా గోరుకు ఎర్రగా అంటింది. నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను.

తర్వాత లోపలికి పోకుండా, కిటికీ రెక్క ఓరగా వేసి చూస్తూ కూర్చున్నాను. వాన పడ్డాక మారప్ప చేలో మొలవని చోట్ల మళ్లీ విత్తుతున్నాడు. పదిన్నరకు తోకక్క వచ్చింది. గోడ మీద వాలి అటూ ఇటూ చూసింది. నోట్లో ఎర్రగింజ. కుండీ అంచుకు దిగి, ముక్కుతో మట్టిలో పొడిచి గింజను లోపలికి దిగ్గొట్టింది. పక్కనున్న వేపాకు తీసి పైన కప్పింది. అదంతా అరనిమిషం. మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. ఈసారి గోడ సందులో. గంటలో ఏడుసార్లు.

నా మాట ఒక్కటే ఎవరు నమ్ముతారు? చేలోకి పోయి మారప్పను పిలుచుకొచ్చాను. మొదట రానన్నాడు, కేసేదో తన మీదకు వస్తుందని. "ఏమప్పా, పసిబిడ్డ సంగతి మారప్పా, ఒక్కసారి వచ్చి చూడు" అంటే వచ్చాడు. కిటికీ దగ్గర నిలబడి చూశాడు.

"నేను ఉడతలనుకుంటి అక్కా. పోయిన నెల విత్తినప్పుడు గూడా సాలుకు సాలే గింజలు మాయమైనాయి."

"ఇవి తింటే పిట్ట చచ్చిపోదా?"

"అది కాలి కింద పెట్టుకోని పొట్టు వొలిచి తింటాది. మందంతా పొట్టుకే కదా ఉండేది. పాపకు అదేం తెలుసు." ఆ తర్వాత, "నేను యాడికొచ్చి చెప్పమన్నా చెప్తా. ధర్మవరమైనా సరే" అన్నాడు.

గోడ సందులన్నీ ఒక పుల్లతో కెలికాను. చెనక్కాయలతో పాటు బాదంకాయలు రెండు, ఏవో అడవి గింజలు. మన మూలనున్న బాదంచెట్టు కూడా ఇట్లాగే ఎప్పుడో ఏ పిట్టో దాచి మరచిపోయింది అయ్యుంటుంది. ముప్పై ఏళ్లు ఈ పెరట్లో తిరిగాను. పిట్టలు గింజలు పడేస్తాయని తెలుసు. దాచుకుంటాయని, తెచ్చి మట్టి కప్పి పెట్టుకుంటాయని నాకు తెలియదు. పిల్లకు తెలిసింది. ఆ శుక్రవారం నా దగ్గరికి వచ్చినప్పుడు దాని గోళ్లలో మట్టి ఉంది. నేనే కడిగాను. కడుగుతూ, యాడ ఆడినావే అని కూడా అడగలేదు.

రేపు పొద్దున బస్సుకు హిందూపురం పోతున్నాను. ఆయనను బతిమాలుకోవాలి. ఆయన ఊడ్చి పారబోసిన గింజలు కావు ఇవి. ఆయన మంచిగానే ఊడ్చాడు.

ఈ ఉత్తరం ధనుంజయకు చూపించు. ఫోను సంగతి ఇందులో లేదు, చూసుకునే రాశాను.

పెద్దమ్మ


ధర్మవరం,
27 జూలై, శనివారం

పెద్దమ్మా,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

గురువారం ధనుంజయ తెల్లారే రైలెక్కాడు. పదకొండు గంటలకు సుధారాణి చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది, నీ స్పీడు పోస్టు పట్టుకుని. కండెలు చుడుతున్నదాన్ని లేచి అక్కడే నిలబడి చదివాను. పిల్లను పిలిచాను. ఏమీ చెప్పకుండా, "తోకక్క ఎర్రవి యాడ పెట్టిందమ్మా?" అని అడిగాను. "మల్లెపూల కాడ" అంది. ఎంత తేలిగ్గా చెప్పిందో. నెల రోజులుగా దాన్ని ఎవరు అడిగాము, యాడ అని?

ధనుంజయకు ఫోను చేశాను. స్టేషన్ బయట బెంచీ మీద ఉన్నాడు, లోపల ఎవరో పెద్దాయన వస్తే పిలుస్తామన్నారట. నీ ఉత్తరం చదివి వినిపించాను. "మళ్లీ ఆ పిట్ట కథేనా. ఆమె రాస్తే నువ్వు నమ్ముతాండావు. సరే, పిట్టే పెట్టింది అనుకుందాం. మూడు గంటలు ఇంట్లో పెట్టుకొని ఎందుకు కూర్చున్నారు? మనకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

అప్పుడు చెప్పాను. రెండున్నరకు పెద్దమ్మ ఫోను చేసింది, నేనే మజ్జిగ పట్టమన్నాను, శ్రావణం చీరలు ఇవ్వాల్సిన గడువు మూడు రోజులుంది, నేను మగ్గం దిగదలచుకోలేదు, ఎండదెబ్బ అని నాకు నేనే చెప్పుకున్నాను అని. తర్వాత ఆసుపత్రిలో మీ అమ్మ ఆమెను అడుగుతుంటే నోరు మూసుకుని నిలబడ్డాను అని. ఆయన ఫోను పెట్టలేదు. రోడ్డు మీద లారీ హారన్లు వినిపిస్తున్నాయి. చాలాసేపటికి, "ఆ కాగితంలో నేను రాసింది నీకు చదివి వినిపిస్తి కదా" అన్నాడు. అవును అన్నాను. పెట్టేశాడు.

తిరిగి చూస్తే అత్త వంటింటి గడపలో ఉంది. అంతా వింది.

నన్ను కొడుతుందనుకున్నాను. వచ్చి మగ్గం పలక మీద కూర్చుంది. "ఆ పొద్దు నేను కూడా ఇంట్లోనే ఉంటి. నువ్వు ఫోన్లో మజ్జిగ అనింది నాకు వినపడింది. ఎవరికి చెప్తాండావో అడగల్యా" అంది. ఆ తర్వాత రెండు రోజులుగా నాతో మాట్లాడలేదు. కోపంతోనా, సిగ్గుతోనా నాకు తెలియడం లేదు. నిన్ను అన్న మాట గురించి మాత్రం ఏమీ అనలేదు. నేనే అడిగాను. లేచి పోయింది.

ధనుంజయ చీకటిపడ్డాక వచ్చాడు. కంప్లైంటు కాగితం చించేశానన్నాడు. జేబులోంచి పొట్లం తీసి వాళ్లమ్మ ముందు విప్పాడు. మట్టి అంటిన ఎర్రగింజ ఒకటి. మారప్ప ఇచ్చాడేమో, నాకు చెప్పలేదు. నా వైపు చూడకుండా అన్నం తిన్నాడు. ఇన్నాళ్లూ నీకు చేసింది ఇప్పుడు నాకు జరుగుతోంది, జరగనీ.

పిల్ల చెవి దగ్గర నీ మాటల గురించి అడిగినందుకు, బెదిరిస్తున్నావా అన్నందుకు, అన్నిటికంటే ఆ వరండాలో నోరు తెరవనందుకు ఏమని రాయను? క్షమించు అని రాస్తే చిన్నదిగా ఉంది.

పెద్దనాయన వచ్చాడా?

నీ యమున


పెనుకొండ,
31 జూలై, బుధవారం

యమునా, తల్లీ,

ఆ పొట్లం మారప్ప ఇవ్వలేదు.

గురువారం పన్నెండు దాటాక గేటు చప్పుడైంది. ధనుంజయ. నీ ఇరవై రెండో తేదీ ఉత్తరం అప్పుడే పోస్టుమ్యాన్ ఇచ్చిపోయాడు, చదివి ఇంకా చేతిలోనే ఉంది, కాబట్టి పోలీసులను వెంటబెట్టుకుని వచ్చాడేమో అనుకున్నాను. ఒక్కడే. లోపలికి రమ్మంటే రాలేదు. "యాడ?" అన్నాడు. పెరట్లోకి తీసుకుపోయాను. కుండీల ముందు గొంతుక్కూర్చుని వేళ్లతో తవ్వాడు. రెండో కుండీలో దొరికింది. అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. నేను లోపలికి పోయి నీళ్లు ముంచాను, బయటికి తేలేదు. అతను వెళ్లేటప్పుడు, "నేను అడగాల్సింది పెద్దమ్మా" అన్నాడు. అంతే. నీకు ఇది చెప్పి ఉండడు. నేను చెప్పానని అనకు.

మీ పెద్దనాయన వచ్చాడు. అంత సులువుగా రాలేదు. మొదటిరోజు నేను పోతే చెల్లెలితో ఇంట్లో లేనని చెప్పించాడు. శుక్రవారం మళ్లీ పోయాను. "నేను చేయలేదని తెలిసినాక వస్తివి. చేసినానో లేదో తెలియకముందు వచ్చింటే బాగుండు" అన్నాడు. నేను ఒక్కదాన్నే తిరిగొచ్చాను. ఆదివారం తనంతట తనే వచ్చి వ్యాను తుడుచుకున్నాడు. వరండాలో పడుకుంటున్నాడు. నేను కలిపిన కాఫీ నిన్నటి నుంచి తాగుతున్నాడు. నేనన్న మాట ఆయన దగ్గర ఇంకా ఉంది. ఉంటుంది.

కుండీలకు సన్న జాలీ బిగించాము. గోడ సందులు సిమెంటుతో పూడ్చాము. ఆ మొలకలన్నీ పీకి, మట్టితో సహా తీసి, మారప్ప తన చేను గట్టున లోతుగా పూడ్చి పెట్టాడు. పిట్టకు ఉచ్చు పెట్టమంటావా అక్కా అని అడిగాడు. వద్దన్నాను. అది తన తిండి తాను దాచుకుంది. దానికి మందు పూసింది అది కాదు.

ఆసుపత్రిలో పిల్ల చెవిలో ఏం చెప్పానని అడిగావు. అంకెలు చెప్పాను. ఒకటి నుంచి ఇరవై దాకా. అంగన్‌వాడీలో సూది వేసేటప్పుడు పిల్లలకు చెప్పేదాన్ని, అలవాటు.

ఇప్పుడు నీ ఫోను సంగతి. నువ్వు మొత్తం నీ నెత్తిన వేసుకున్నావు. నేను ఒప్పుకోను. అంగన్‌వాడీలో ఏ బిడ్డకైనా వాంతి అయితే నేను తల్లికి ఫోను చేసి అడిగేదాన్ని కాదు. ఎత్తుకుని పరిగెత్తేదాన్ని, తల్లి ఆసుపత్రికే వచ్చేది. ముప్పై నలభైసార్లు అట్లా పరిగెత్తాను. నీ బిడ్డ విషయంలో మాత్రం ఫోను చేసి అడిగాను. మజ్జిగతో తగ్గదని నాకు తెలుస్తూనే ఉంది యమునా. వాంతి రంగు చూశాను, పిల్ల ఒళ్లు చూశాను. నువ్వు మజ్జిగ అన్నావు కాబట్టి పట్టి, గడియారం చూస్తూ కూర్చున్నాను. ఎందుకంటే అది నా బిడ్డ కాదని నాకు నేను చెప్పుకున్నాను. తల్లి చెప్పినట్టు చేస్తే రేపు ఎవరూ ఏమీ అనరు అనుకున్నాను. ఎవరూ ఏమీ అనకూడదని ఒక పసిబిడ్డను మూడు గంటలు పెట్టుకుని కూర్చున్నాను. మీ అత్త అన్న మాటకు నేను వరండాలో బదులు చెప్పనిది అందుకే. ఆమె అన్నది తప్పే. కానీ నేను ఆ రోజు ఆమె అన్నట్టే నడుచుకున్నాను.

ప్రమోదను తీసుకురా. ధనుంజయ వస్తే సరే, రాకపోయినా సరే. మీ అత్తను కూడా రమ్మను, రాదని తెలుసు, అయినా రమ్మన్నానని చెప్పు. కానీ రాకముందు ఒక మాట. ఈ ఇంట్లో ఉండగా పిల్లకు ఒళ్లు బాగాలేకపోతే నేను నీకు ఫోను చేసి అడగను. ఎత్తుకుని పోతాను. పోతూ దారిలో చెబుతాను. అది నీకు నచ్చకపోవచ్చు, మీ ఇంట్లో వాళ్లకు నచ్చకపోవచ్చు. దీనికి ఒప్పుకుంటేనే రా. ఒప్పుకోకపోతే రావద్దు, ఎందుకు రాలేదని నేను అడగను.

సుబ్బలక్ష్మి


ధర్మవరం,
5 ఆగస్టు, సోమవారం

పెద్దమ్మా,

ఒప్పుకుంటాను. ధనుంజయను కూడా అడిగాను, తల ఊపాడు. ఆదివారం పొద్దున రైలుకు వస్తున్నాము, ముగ్గురమూ. అత్త రావడం లేదు. నీ కోసం ఒక చీర ఇచ్చింది, మాట ఏమీ చెప్పలేదు. తన చేత్తో నేసినదే. సంచిలో అన్నిటికంటే అడుగున పెట్టింది.

యమున